వెనక్కి చెయ్యి చాచి

ముర్గాబ్‌లో చెట్లు లేవు.
నీడ కావాలంటే గోడైనా ఉండాలి, లారీ అయినా ఉండాలి.
మా నీడ ఇరవై తొమ్మిదేళ్లుగా
పెరట్లో నాలుగు రాళ్ల గుట్టల మీద నిలబడి ఉంది.
చక్రాలు ఎప్పుడో పిండి బస్తాలైపోయాయి,
ముందు అద్దం మా వంటింటి కిటికీ అయింది.

గాజ్ అరవై ఆరు.
రాళ్లు వెతుక్కుంటూ వచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞులు
ఆఖరి జీతం బదులు నాన్న చేతిలో తాళంచెవి పెట్టి
మాస్కో విమానం ఎక్కారు.
దేశం పోయింది. బండి మిగిలింది.
మరో నాలుగేళ్లు బొగ్గు మోసింది,
తర్వాత పెట్రోలు కూడా దేశం వెంటే పోయింది.

కాష్గర్ పాతినుం బేరగాడు కిలోల్లో అడిగాడు.
అమ్మ టీ పోసి పంపేసింది.

ఈ మే నెలలో తమ్ముడు తోయ్‌చుబెక్ అన్నాడు:
దారి లేని చోటికి తీసుకెళ్లమని
డబ్బులిచ్చే మనుషులొస్తున్నారు, అక్కా.
దారి లేని చోటికే పుట్టిన బండి మనింట్లో ఊరికే ఉంది.

ఓష్ నుంచి సత్కిన్‌బై మేస్త్రీ వచ్చాడు.
రెండు చెవులూ వినపడవు.
స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి
పిడిని పళ్లతో కరిచిపట్టుకుని వింటాడు.
కొక్కెం తీస్తే క్యాబిన్ మొత్తం ముందుకి వాలింది,
నమాజులో వంగినట్టు.
కింద, కార్బురేటర్‌లో ఎలుక కాపురం,
గొర్రె ఉన్నితో, మా ఇంటికంటే వెచ్చగా.

ఎనిమిది సిలిండర్లలో ఐదు బిగుసుకుపోయాయి.
కిరసనాయిలు పోశాం. ఆగాం.
పొద్దున్నే హ్యాండిల్‌తో వేలెడు తిప్పడం,
సాయంత్రం ఇంకో వేలెడు.
తొమ్మిదో రోజు లోపల ఏదో టక్‌మంది.
మేస్త్రీ వినలేదు. పళ్లకి తెలిసింది, నవ్వాడు.

రంగు గీకడం నా పని.
నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద బూడిద,
అన్నిటికీ అడుగున తుప్పు.
అన్నిటికంటే పాతదనుకుంటాం,
అదే అన్నిటికంటే కొత్తది.
వంటింటి కిటికీ ఊడదీసి బండికి తిరిగిచ్చాం.
వంటింటికి ప్లాస్టిక్ పట్టా.

ఇంజిన్ రెండు సీట్ల మధ్య కూర్చుంటుంది, మూడో మనిషిలా.
"నాలుగేళ్లు ఇందులో తిరిగాం,
దిగాకగానీ మీ నాన్న మొహం కనపడేది కాదు,
పోట్లాడాలన్నా అరవాల్సిందే" అంది అమ్మ.
ఆ మూపు మీద కంబళి వేసి నన్ను పడుకోబెట్టేవారట.
నాకు గుర్తు లేదు.
మూత బిగించి, ఎవరూ చూడకుండా చెంప ఆనించాను.
చల్లటి ఇనుము. అంతే.

కానీ డ్రైవర్ తలుపు లోపల
మేకుతో గీసిన నాన్న లెక్కలు:
బొగ్గు పన్నెండు. ఉప్పు మూడు.
పెట్రోలు అప్పు నలభై.
జనిల్ ఒకటి.

సరుకుల్లో నేను.

తోయ్‌చుబెక్ తలుపుకి ఫెల్ట్ అంటిద్దామన్నాడు, చలి ఆగుతుందని.
ఆ జానెడు మేర వదిలేయమన్నాను.
చలి వస్తే రానీ.

ఆగస్టు. వెనక బల్లల మీద నలుగురు లిథువేనియా వాళ్లు
అల్లం మిఠాయి చప్పరిస్తూ.
వాగు దగ్గర మీట తిప్పి చక్రాల గాలి తగ్గించాను.
ఈ బండిలో గేరు కడ్డీ డ్రైవర్ వెనకుంటుంది.
ముందుకి పోవాలంటే వెనక్కి చెయ్యి చాచాలి.
ఇందులో అర్థాలు వెతక్కండి.
ఇంజిన్ అడ్డమొచ్చింది, కడ్డీకి వేరే చోటు లేదు, అంతే.
నడివాగులో రెండో గేరు జారిపోతుంటే
భుజం మెలిపెట్టి అలాగే పట్టుకున్నాను,
నీళ్లు తలుపు సందుల్లోంచి బూట్లలోకి వచ్చేదాకా,
వచ్చినవి పోయేదాకా.

అవతలి గట్టున ఆపితే
బండి కింద గులకరాళ్ల మీద నల్ల చుక్కలు.
తమ్ముడు కంగారుపడ్డాడు.
"కారుతోందంటే ఇంకా ఉన్నట్టే" అన్నాను.
మేస్త్రీ మాటే.

ఇంటికొచ్చిన రాత్రి అమ్మ నా భుజానికి
మార్మట్ కొవ్వు రాసింది, ఏమీ అడక్కుండా.
తర్వాత మేకు వెతుక్కుని పెరట్లోకెళ్లి
నాన్న గీతల కింద గీశాను:
మనుషులు నాలుగు. వాగులు రెండు.
బొగ్గు లేదు.
నూనె కారుతోంది.